ఫ్లాస్కులో పిడుగు

"పిడుగు మామయ్యా! ఓ పిడుగు మామయ్యా!"

వీధి మలుపు తిరగకముందే టైలరు కేక మొదలుపెట్టాడు. టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న మామయ్య మీసం సర్దుకున్నాడు. అలా గొంతెత్తి ఎవరైనా పిలిస్తే చాలు, ఆయనకి సగం వయసు రాలిపోతుంది. లోపల పాలల్లో గరిటె తిప్పుతున్న అత్తయ్య మాత్రం చెయ్యాపి బయటికి తొంగిచూసింది.

"నిన్న పడ్డ పిడుగుకి మా కప్పు మీద సోలార్ పలకలు చచ్చూరుకున్నాయి మామయ్యా. మిషను కదలట్లేదు. మీ కోడలికి ఫోన్ చేస్తే రేపు ఎండొచ్చాక వస్తానంది."

"కోడలెందుకురా, నేను బతికుండగా?"

కప్పులెక్కి పలకలు బాగుచేసే పని మామయ్య నుంచి కోడలి చేతికి పోయి ఏడాదవుతోంది. కిందటి వానల్లో తడి రేకు మీద జారిపడి మామయ్య మోకాల్లో స్టీలు ముక్క వేయించుకున్నాడు. మళ్ళీ పడితే ఇక నడవడం మాట మర్చిపొమ్మన్నాడు డాక్టరు. నిచ్చెన మాత్రం కొట్టు గోడకే ఆనించి ఉంది, ఆయన తీయనిస్తే కదా.

"ఊరుకో మామయ్యా. ఈ మోకాలితో ఏం ఎక్కుతావు?" అన్నాడు టీ తాగుతున్న బస్సు డ్రైవరు.

అంతే. మామయ్య గ్లాసు కింద పెట్టేశాడు.

"మోకాలా? ఒరే, నీకు మీసాలు రాని రోజుల్లో సంగతి. పట్టపగలు పిడుగు పడి వీధి చివర నీళ్ళ ట్యాంకు రెండు చెక్కలైంది. ఇళ్ళ మీద పలకలన్నీ పోయాయి. మీ అత్తయ్య వాళ్ళ పుట్టింటి మీదివి కూడా. వెళ్ళి ఎక్కాను. పలక వెనక డబ్బా విప్పాను, లోపల డయోడు మాడి బొగ్గయింది. మార్చాను. ఇదేం గొప్ప కాదు, ఎవడైనా చేస్తాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"పలక గుర్రుమంది! పాలు తాగిన పిల్లిలా. చూద్దును కదా, పిడుగు ఇంకా అందులోనే ఉంది! బయటికి దారి తెలీక ఓ మూల ముడుచుకుని పడుకుంది పాపం. స్క్రూడ్రైవరుతో మెల్లిగా మెడ కింద గోకాను. వైరు పట్టుకుని జరజరా పాకి నా మణికట్టుకి చుట్టుకుంది. నా దగ్గర ఏముంది? స్టీలు ఫ్లాస్కు. అందులోకి దించి మూత బిగించేశాను."

"ఫ్లాస్కు కాలిపోలేదా?"

"కాలిపోతే దాన్ని ఫ్లాస్కని ఎందుకంటార్రా? వేడిదాన్ని వేడిగా ఉంచడమేగా దాని పని!"

లోపల అత్తయ్య నవ్వాపుకుంది. కిందటేడు అది గాజు సీసా. అంతకు ముందు, ఆయన బనీను మూట.

"ఇక చూస్కో, ఆ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని వీధిలో నడుస్తుంటే ప్లగ్గు పెట్టకుండానే ఇస్త్రీ పెట్టెలు వేడెక్కాయి. టైలరూ, మీ నాన్న మిషను దానంతటదే తిరిగి ఏడు ప్యాంట్లు కుట్టేసింది, అందులో ఒకటి కొలతలు తీసుకోని మనిషికి! ఆ సాయంత్రం మళ్ళీ మబ్బు పట్టింది. నేను కప్పు మీదే ఉన్నాను. పైనుంచి ఇంకో పిడుగు, దీని తల్లన్నమాట, ఆకాశానికీ నేలకీ మధ్యన నిలబడి, 'మా పిల్లది ఇటొచ్చిందా అన్నయ్యా?' అని అడిగింది."

"నువ్వేమన్నావ్?"

"మెకానిక్కుని, ఏమంటాను? 'రిపేరులో ఉందమ్మా, రేపు రా' అన్నాను. వెళ్ళిపోయింది. రోజూ వచ్చేది, రోజూ రేపు రమ్మనేవాణ్ణి. వారం తిప్పాను!"

నవ్వులకి బల్ల కదిలింది. డ్రైవరు కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు: "అయితే మామయ్యా, పిడుగు తల్లినే తిప్పి పంపినోడివి, వీడి కప్పు ఓ లెక్కా? లే మరి, ఎక్కు!"

సరదాకే అన్నాడు. కానీ మామయ్య లేచాడు. కుంటుకుంటూ వెళ్ళి నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. "రేపు చూద్దాంలే మామయ్యా" అని టైలరు అడ్డం పడబోతే, పక్కకి తోశాడు. నిన్నటి వాన చినుకు ఇంకా పడుతూనే ఉంది.

అత్తయ్య పొయ్యి ఆపేసింది. ఈయన్ని దించాలంటే ముందు ఆ కథని దించాలి. కానీ ఆ కథ దిగితే ఈయనకి మిగిలేదేమిటి? 'పిడుగు' అన్న పేరు కూడా పోతుంది. ఇన్నేళ్ళూ ఆ ఒక్క భయంతోనే నోరు కుట్టేసుకుంది.

ఆ రోజులు కళ్ళ ముందు కదిలాయి. మేడ మీద ఆరేసిన దుప్పట్ల సందుల్లోంచి ఆమె చూసేది. పెదాల ఓ మూలన స్క్రూ పట్టుకుని ఈల వేసే కుర్రాడు. కుడివైపు ఇంటికి వచ్చాడు, ఎడమవైపు ఇంటికి వచ్చాడు. వాళ్ళింటికే రాలేదు. ఎందుకొస్తాడు?

"ఏమండీ, నిచ్చెన దించండి" అంది గుమ్మంలోకి వచ్చి. "మా పుట్టింటి మీద పిడుగు పడలేదు. వీధంతా పోయినా మా పలకలకి ఏమీ కాలేదు. మీరు అందరిళ్ళకీ వచ్చి మా ఇంటికే రావట్లేదని, పొద్దు పొడవక ముందు మేడెక్కి, పలక కింద వైరు ప్లగ్గు నేనే ఊడదీశాను."

అత్తయ్య కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది, దుప్పట్ల వెనక పిల్లలాగే.

మామయ్య నిచ్చెన గోడకి ఆనించాడు. తిరిగొచ్చి బల్ల మీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు. మొహంలో కోపం లేదు.

"పిడుగు పడితే ప్లగ్గు కరిగిపోతుందే పిచ్చిదానా. రెండు పక్కలా చెవులు నొక్కి, జాగ్రత్తగా ఊడదీసి, తడవకుండా మడిచి పెట్టదు. పైగా దాని మీద బొటనవేలి ముద్ర, బట్టలకి పెట్టే నీలిమందుది. నువ్వు ట్రేలో టీ తెచ్చినప్పుడు ఆ వేలు చూశాను."

"అంటే మీకు..."

"ఎక్కగానే తెలిసింది."

టైలరు బుర్ర గోక్కున్నాడు. "ఆగు మామయ్యా. ఊడిన ప్లగ్గు తగిలించడం కళ్ళు మూసి తెరిచేంత పని. మరి వారమంతా ఆ కప్పు మీద ఏం చేశావు?"

మామయ్య చెయ్యి మీసం మీదికి పోబోయి ఆగిపోయింది. అత్తయ్య వైపు చూశాడు. జన్మలో మొదటిసారి ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పాడు.

"రోజూ వచ్చి తగిలించేవాణ్ణి. సాయంత్రం దిగేటప్పుడు మళ్ళీ నేనే ఊడదీసేవాణ్ణి."