పిన్ను కొట్టిన పేజీలు

మధ్యాహ్నం. ఇస్త్రీ షాపు. అత్తగారు చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. కోడలు ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. కోడలి నోటుబుక్కులు అత్తగారి పక్కన, మడతపెట్టిన దుప్పట్లకి ఆనించి ఉన్నాయి.

"మళ్ళీ మార్చావు."

"మార్చలేదత్తయ్యా. ఆలోచించాను."

"మొదట బి అన్నావు. తర్వాత డి అన్నావు. దాన్నే మార్చడం అంటారు."

"జవాబేంటి మరి?"

"బి."

"అయ్యో."

"ఇదిగో, తీగ మీద ఇంకో క్లిప్పు. ఈ నెల్లో పదిహేడుసార్లు మార్చావు. పద్నాలుగుసార్లు ఒప్పుని తప్పు చేశావు. మూడుసార్లు తప్పుని ఒప్పు చేశావు."

"క్లిప్పులన్నీ దానికే వాడేస్తే బట్టలు దేంతో ఆరేస్తారు?"

"నువ్వు మార్చడం మానితే బట్టలు ఆరతాయి. రేపు లైసెన్సు పరీక్ష. మొదట తోచిన జవాబు దగ్గర ఆగు. సరిగ్గా తోచకపోతే తప్పని తెలిసిన రెండూ కొట్టేసి మిగతా రెండే చూడు. ఇది నువ్వు నాకు చెప్పిందే."

"చెప్పడం తేలికత్తయ్యా."

"అవునులే. పోయినసారి పరీక్షలో ఏ ప్రశ్న దగ్గర తడబడ్డావు?"

"గుర్తులేదు."

"అంతకుముందుసారి?"

"అదీ గుర్తులేదు. తర్వాతిది అడగండి."

"పన్నెండొందల జవాబులు నోటికొచ్చు. అడిగిన ప్రశ్న ఒక్కటీ గుర్తులేదు."

"అడగండత్తయ్యా!"

"అడుగుతున్నా. వార్డులో నలుగురున్నారు. ఒకడు కాలు నొప్పని అరుస్తున్నాడు. ఒకావిడ మంచినీళ్ళడుగుతోంది. ఒకాయన ఇంటికెప్పుడు పంపిస్తారని గోల. ఇంకొకడు ఏమీ మాట్లాడట్లేదు, పెదాలు నీలంగా ఉన్నాయి. నర్సు ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి?"

"మాట్లాడనివాడి దగ్గరికి."

"మనింట్లో అరిచినవాడికే ముందు వడ్డిస్తాం."

"అరిచేవాడికి ఊపిరి ఆడుతున్నట్టు లెక్క. ఊపిరి ఆడనివాళ్ళు ముందు. నొప్పులు, దాహాలు తర్వాత."

"ఒప్పు. మార్చకు."

"మార్చట్లేదు."

"మొహం చూస్తే మార్చేలా ఉన్నావు. సరే, ఇది విను. ఆపరేషను ముందు పేషంటు ఏడుస్తూ, 'నాకు భయంగా ఉంది' అంది. నర్సు ఏమనాలి? ఏ, 'ఏం కాదు, ధైర్యంగా ఉండండి.' బి, 'ఇంతమాత్రానికే ఏడుస్తారా?' సి, 'దేనికి భయంగా ఉందో చెప్పండి.' డి, 'డాక్టరుగారిని అడగండి.'"

"సి."

"నేనైతే బి."

"తెలుసు. నా కాన్పప్పుడు మీరు నాతో అన్నది అదే."

"మరి పాప పుట్టిందా లేదా?"

"పుట్టింది."

"పుడుతుందిలే. ఎవరేమన్నా పుడుతుంది."

"పరీక్షలో బి పెడితే మార్కు పోతుందత్తయ్యా."

"అందుకే నేను ఇస్త్రీ చేస్తున్నాను. ఆ నీళ్ళ సీసా ఇటివ్వు... పక్క టైలరు అడుగుతున్నాడు, మీ కోడలు మూడోసారి రాస్తోందట కదా అని."

"మీరేమన్నారు?"

"పెట్టె వేడిగా ఉంది, దూరంగా నిలబడమన్నా."

"ఆయనకెవరు చెప్పారు?"

"నీ మొగుడే చెప్పుంటాడు. లారీ ఎక్కే ముందు ఊరందరికీ వార్తలు చదివి మరీ ఎక్కుతాడు వాడు. పోనీలే. ఇదేంటి?"

"ఏది?"

"మూడో నోటుబుక్కులో ఈ రెండు పేజీలూ తెరుచుకోవట్లేదు."

"అంటుకుపోయుంటాయి."

"పిన్నుతోనా? మూడు పిన్నులు కొట్టున్నాయి. మన బిల్లుల పిన్నులే."

"అది వదిలెయ్యండి. ఆ పాఠం పరీక్షలో రాదు."

"ఎవరు చెప్పారు?"

"రాదు. అందరూ అనుకుంటున్నారు."

"పరీక్ష పెట్టేవాళ్ళు కూడా అనుకుంటున్నారా? ఆగు, కత్తెరతో ఊడదీస్తా."

"అత్తయ్యా, వద్దు. చినిగిపోతుంది."

"నలభయ్యేళ్ళుగా గుండీలు తెగకుండా చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నా, నాకు చెప్తున్నావా? ఆఁ, వచ్చింది. గుండె జబ్బుకిచ్చే మాత్ర. 'ఈ మాత్ర ఇచ్చే ముందు నర్సు ఏం చూడాలి?'"

"కాఫీ తెమ్మంటారా?"

"నర్సు ఏం చూడాలి?"

"గుండె కొట్టుకోవడం. పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి."

"అరవైకి తక్కువుంటే?"

"ఇవ్వకూడదు. ఆపి, డాక్టరుకి చెప్పాలి."

"అక్షరం పొల్లుపోలేదు. మరి పిన్నులెందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ పిన్నులు కొట్టరు."

"ఊరికేనత్తయ్యా. చెప్పానుగా."

"దేనికి భయంగా ఉందో చెప్పు."

"అది సి."

"తెలుసు. నాకలా మాట్లాడ్డం అలవాటు లేదు. నోరు నొప్పెడుతోంది, త్వరగా చెప్పు."

"ట్రైనింగులో ఉన్నప్పుడు. చివరి ఏడాది. పదకొండో మంచం మీద ఒక తాతగారు. డాక్టరుగారు వచ్చే టైముకి తల దువ్వుకుని కూర్చునేవారు. నాలుగు వెంట్రుకలు, వాటికి పాపిడి."

"ఊఁ."

"ఆ మాత్ర ఆయనకి. ఇచ్చే ముందు లెక్కపెట్టాను. నలభై ఎనిమిది."

"అరవైకి తక్కువ."

"హెడ్ సిస్టరుకి చెప్పాను. ఆవిడ నలుగురితో ఒకేసారి మాట్లాడుతోంది. 'నీకు లెక్కపెట్టడం రాదు, ఇచ్చెయ్' అంది. మళ్ళీ వెళ్ళి లెక్కపెట్టాను."

"ఎంతొచ్చింది?"

"నలభై ఎనిమిది."

"మరి?"

"ఇచ్చాను. అరగంటకి బాత్రూముకని లేచారు. నిలబడ్డట్టే నిలబడి జారిపోయారు. స్ట్రెచరు మీద పరిగెత్తించారు. దువ్వెన మంచం మీదే ఉండిపోయింది."

"తర్వాతేమైంది?"

"తెలీదు."

"తెలీదంటే?"

"మర్నాడు నన్ను పిల్లల వార్డుకి మార్చారు. నేనడగలేదు. అడిగితే ఏం చెప్తారో అని."

"ఎన్నాళ్ళైంది?"

"మూడేళ్ళు."

"మూడేళ్ళుగా ఆ ఆసుపత్రిలోనే ఆయాగా చేస్తున్నావు. చదువుకి తగ్గ పని కాదని మావాడు గొణుగుతుంటే, లైసెన్సు రావాలి కదా అనేదానివి."

"ఆయా ఎవరికీ మాత్రలివ్వదత్తయ్యా. దుప్పట్లు మారుస్తుంది. నీళ్ళు పడుతుంది. ఇంటికెళ్ళి నిద్రపోతుంది."

"నిద్రపోతోందా?"

"ఆ చొక్కా ఇటివ్వండి, మడతపెడతా."

"నేను షాపు పెట్టిన కొత్తలో ఒక పెళ్ళికొడుకు కోటు కాల్చాను. వీపు మీద, సరిగ్గా పెట్టె ఆకారంలో."

"కోటూ మనిషీ ఒకటేనా?"

"ఒకటని నేనన్నానా? చెప్పడానికి నా దగ్గర అదే ఉంది. వారం రోజులు పెట్టె ముట్టుకోలేదు. తర్వాత ముట్టుకున్నా. అంతే, అందులో నీతి ఏమీ లేదు. ఒకటడుగుతా చెప్పు. హెడ్ సిస్టరు ఒకసారైనా లెక్కపెట్టిందా?"

"లేదు."

"నువ్వు?"

"రెండుసార్లు."

"రెండుసార్లు లెక్కపెట్టినదానివి నువ్వు దుప్పట్లు మారుస్తూ, ఒక్కసారీ లెక్కపెట్టనివాళ్ళు మాత్రలిస్తూ ఉంటే, రేపు నేను మంచాన పడితే నా గతేంటి?"

"మీకేం కాదు."

"అది ఏ. మార్కు రాదు."

"అత్తయ్యా..."

"నవ్వకు, అడుగుతున్నా. నర్సువయ్యావనుకో. మళ్ళీ నలభై ఎనిమిదే వచ్చింది. పైవాళ్ళు ఇచ్చెయ్ అన్నారు. ఏం చేస్తావు?"

"ఇవ్వను."

"అరిస్తే?"

"అరవనీ. ఎంత వచ్చిందో కాగితం మీద రాసి, నేనే డాక్టరుకి ఫోను చేస్తా."

"ఉద్యోగం తీసేస్తామంటే?"

"ఇవ్వనన్నాను కదా!"

"మార్చవుగా?"

"మార్చను."

"క్లిప్పు అవసరం లేదన్నమాట. ఆ కాలరు ఇటు తిప్పు, ముడత పడుతోంది."

"ఆయన బతికే ఉంటారంటారా?"

"నాకెలా తెలుస్తుంది? నువ్వు పనిచేసేది అక్కడే కదా. రికార్డుల గది ఉండదూ?"

"మెట్ల కింద ఉంది. రోజూ దాని ముందునుంచే వెళ్తాను."

"పరీక్షయ్యాక వెళ్ళి అడుగు. బతికుంటే సరే. లేకపోయినా తెలియాలి. తెలియకుండా ఎన్నాళ్ళు మోస్తావు?"

"మీరొస్తారా?"

"షాపెవరు చూస్తారు? సరే, వస్తాలే. ఆ రోజు ఒంటిపూట తెరుస్తా."

"రేపు ప్రశ్నలో చివరి లైను ముందు చదవమన్నారు మా మేడం. ఏం అడుగుతున్నారో తెలిశాక మిగతాది చదవాలట. రానిది పట్టుకుని కూర్చోకుండా పక్కన గుర్తు పెట్టి ముందుకెళ్ళాలట."

"అలాగే చెయ్. ఇంక నోటుబుక్కు ముయ్యి. ఇప్పుడు చదివేది బుర్రలోకి వెళ్ళదు, ఉన్నదాన్ని తోసేస్తుంది."

"హాల్ టికెట్టు సంచీలో పెట్టాను. రెండు పెన్నులు. నీళ్ళసీసా."

"మంచిది."

"అత్తయ్యా."

"ఊఁ."

"ఈసారి కూడా ఫెయిలైతే? మూడుసార్లు ఫెయిలైందని ఈ వీధంతా..."

"మొదటిసారి నువ్వు హాల్ టికెట్టు ఈ బల్ల మీదే మర్చిపోయి వెళ్ళావు."

"... ఏంటి?"

"చూసి, తెరిచిన షాపుని తెరిచినట్టే వదిలేసి, టికెట్టు పట్టుకుని నీ వెనకే ఉరికాను. సెంటరు గేటు దగ్గర నువ్వు లేవు. ఎదుటి పార్కులో బెంచీ మీద ఉన్నావు. పిలుద్దామని నోరు తెరిచాను. గంట కొట్టారు. నువ్వు లేవలేదు. గేటు మూశారు. అప్పుడూ లేవలేదు. తిరిగొచ్చి టికెట్టు ఎక్కడుందో అక్కడే పెట్టేశాను. అది నీ దగ్గర లేదని సాయంత్రం దాకా నీకు తెలియనే లేదు."

"అవసరం పడలేదు."

"ఇంటికొచ్చి పేపరు చాలా కష్టంగా ఉందన్నావు. అన్నం పెట్టాను."

"రెండోసారి?"

"రెండోసారి టికెట్టు తీసుకెళ్ళావు. అయినా వచ్చాను. అదే బెంచీ."

"అంతా తెలిసి కూడా, రోజూ ఇక్కడ నిలబడి నన్ను ప్రశ్నలెందుకడిగారు?"

"అన్నీ నిజంగానే చదివావు కదా. అందులో అబద్ధం లేదు. ఇటు జరుగు, కన్నీళ్ళు తెల్లచొక్కా మీద పడుతున్నాయి. వీధిలో వాళ్ళు మూడోసారి అంటారు, అననీ. నువ్వు రేపు రాయబోయేది మొదటిసారి."