చెంచయ్య మడమలో ముల్లు

చెంచయ్యని ఒకాయన ఉండేవాడంట, గొర్రెలు మేపుకునే మనిషి. అరవై గొర్రెలు, మంచి ఒడ్డూ పొడుగూ, ఎర్రమెట్ట ఎక్కి దిగాడంటే వెంట ఉన్న కుక్కకి కూడా ఆయాసం రావాల్సిందే. ఒకరోజు ఏమైందంటే, వాగు దాటతా ఉంటే మడమలో తుమ్మముల్లు దిగింది. దిగితే ఏం జెయ్యాల? అక్కడే రాయి మీద కూర్చోని తీసుకోవాల. ఈయన తియ్యలా. గొర్రెలు ముందుకెళ్లిపోతన్నాయి, సాయంత్రం తీసుకుందాంలే అనుకున్నాడంట. సాయంత్రం ఇంటికొచ్చాడు. పెళ్లాం రవణమ్మ చూసి, ఏమయ్యా కుంటతన్నావు, ఇట్టా చాపు కాలు, సూదితో తీస్తా అంది. ఆకలేస్తంది, ముందు కూడు పెట్టు, రేపు చూద్దాం అన్నాడు. తెల్లారి ఏమన్నాడు? మడమ ఆన్చితేనే గదా నొప్పి, ఆన్చకుండా నడిస్తే పోలా! వేళ్ల మీద నడవడం మొదలుపెట్టాడు. విన్నారా అమ్మా? నడక మార్చుకున్నాడు గానీ ముల్లు తీసుకోలా.

ఇంక అక్కణ్ణించి చూడండి ఆయన తెలివి. వేళ్ల మీద మెట్ట ఎక్కలేడు గదా, అందుకని మెట్ట మానేశాడు. ఊరి పక్కన ఎండిన చేలల్లోనే తిప్పతన్నాడు, పచ్చిక లేక గొర్రెలకి డొక్కలు బయటపడ్డాయి. రవణమ్మ సూది తెచ్చింది. ఇయ్యాల అమావాస్య, ఒద్దన్నాడు. ఇంకోనాడు తెచ్చింది, జొరమొచ్చేట్టుంది ఒద్దన్నాడు. అసలు సంగతి భయం, అనుకోండి. అంత మనిషికి సూదంటే భయం, చెప్పుకోడానికి సిగ్గు. చెప్పులు కుట్టే ఏసోబు దగ్గరికి పోయి, మడమ కాడ ఇంత బొక్క పెట్టి చెప్పు కుట్టరా అన్నాడంట. ఏసోబు బిత్తరపోయి, చెంచయ్య మామా, ముల్లు తీయించుకుంటే మంచి చెప్పుకి బొక్కెందుకు అన్నాడు. నీ పని నువ్వు చూసుకో అన్నాడు. అన్నాడమ్మా! ఆఖరికి చెల్లెలు కూతురి పెళ్లొచ్చింది. మేనమామ గదా, పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకుపోవాల్సినోడు. ఆ కాలుతో ఎట్టా ఎత్తుతాడు? పోలా. ఎవరో దూరపాయన ఎత్తుకున్నాడు. పెళ్లయ్యాక చెల్లెలొచ్చి వాకిట్లోనే నిలబడింది, లోపలికి కూడా రాలేదు. అన్నా, బుట్టలో కూర్చోని నా బిడ్డ మామయ్యేడని అడిగింది. ఏం జెప్పమంటావు, ముల్లని జెప్పనా? అంది. ఈయన తల దించుకున్నాడంట. తల దించుకున్నాడు గానీ కాలు చాపలా! పది నెలలు. కుంటి చెంచయ్యా అని జనం పిలిస్తే ‘ఆఁ’ అని పలకతన్నాడు. పలుకుతారా ఎవరన్నా? నాకైతే చెప్తంటేనే ఒళ్లు మండతంది.

సరే, ఒకరోజు పొద్దున ఏమైందంటే, దొడ్లో గొర్రె ఒకటి కుంటింది. ఒక్కటంటే ఒక్కడుగు కుంటిందో లేదో, చెంచయ్య గబుక్కున పోయి దాన్ని పడేసి, మోకాళ్ల మధ్య బిగించి, గిట్టలో ముల్లు చటుక్కున లాగేశాడంట. లాగి దాని మూతి మీద ఒకటి తట్టి, బుద్ధి లేనిదానా, ముల్లు పెట్టుకుని తిరుగుతున్నావా, చీము పడితే ఏంగాను, అని తిట్టాడు. రవణమ్మ పేడ ఎత్తతా ఉంది. తట్ట కింద పెట్టింది. నవ్వింది. నవ్వీ నవ్వీ అక్కడే కూలబడింది, ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో ఆమెకే తెలవదు. పది నెలల్నించి నేను అడగతన్నానయ్యా, ఆ గొర్రె నిన్ను అడిగిందా? అందంట. చెంచయ్య గొర్రెని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. వచ్చి ఆమె ముందు కూర్చోని కాలు చాపాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మడమ రాయిలాగా కాయగట్టుంది. ఆమె వేణ్ణీళ్లు పోసి నానబెట్టి, సూదితో చీల్చి, గోళ్లతో పట్టి లాగింది. ఇంకెంతసేపు అన్నాడు. తీశానయ్యా, అయిపోయింది, అంది. కళ్లు తెరిచి చూశాడు, ఆమె అరచేతిలో బియ్యపు గింజంత ముల్లు. ఉన్నట్టుండి కోపమొచ్చిందంట మనిషికి. ఇంతేనా? ఇంతేనని నాకు ఒక్కరన్నా చెప్పారా! అని అరిచాడు.

రవణమ్మ సూది ఆయన ఒళ్లో పడేసి లేచి లోపలికి పోయింది. నేనైతే ఆ సూదితోనే ఇంకోచోట పొడిచేదాన్ని. వారానికల్లా పుండు ఆరింది, మనిషి నిటారుగా నడిచాడు, కంటినిండా నిద్రపోయాడు, తిన్నది ఒంటబట్టింది. అంతా బాగుంది. అయితే మీరు ఇప్పుడు పోయి చెంచయ్యని అడగండి, ఆ పది నెలలు ఎందుకట్టా అయిందని. మా ఇంటిది సరిగ్గా చెప్పలేదు అంటాడు.