తాళాలు సీటు మీదే ఉన్నాయి

పలకవు. సరే, పలకొద్దు. రెండేళ్ల నుంచి పలకని బామ్మర్దివి, ఇవాళ నా కారు దగ్గరికి రాగానే పలుకుతావని నేనేమీ ఆశపడలేదులే. కానీ ఆ చూపేమిటయ్యా? తాళాలు లోపల పెట్టి తలుపు వేసుకున్న మొదటి మనిషిని నేనేనా? నీ దుకాణం నడిచేదే నాలాంటి మతిమరుపు వాళ్లతో కదా.

ఫోన్లో గొంతు మార్చి మాట్లాడిన మాట నిజమే. అది మా ఎదురింటి టైలర్ ఫోను, చెప్పిన అడ్రసూ అతనిదే. నాది అదిగో, సీటు మీద తాళాల పక్కనే పడుంది. బావని మాట్లాడుతున్నాను అంటే వచ్చేవాడివా? ఎవరో ముసలాయన కారు బయట ఎండలో నిలబడ్డాడు అనేసరికి పది నిమిషాల్లో వచ్చేశావు. తాళం పడిందని ఎవరు పిలిచినా కాదనవని నాకు తెలుసు. నన్ను నేనే ముసలాయన అనుకోవాల్సి వచ్చిందే, అదే కాస్త బాధేసింది.

పని కానీ, కానీ. ఆ రబ్బరు ముక్క సందులో దోపడం, ఆ వంచిన కడ్డీ లోపలికి పంపడం, చూస్తుంటే ముచ్చటేస్తోంది. నేను పొద్దున్నుంచి స్కేలుతో, గొడుగు ఊచతో, చివరికి బట్టలారేసే తీగ తెంపి దాంతో కూడా ప్రయత్నించాను. ఆ గీతా? ఆఁ, అది నేనే గీశాను. దాని పక్కదీ నేనే.

ఎలా పడిందంటావా? అంటే, నువ్వు అనలేదనుకో. గాలయ్యా. తాళాలు సీటు మీద పెట్టి అద్దం తుడుస్తున్నాను, గాలికి తలుపు ధబ్బున మూసుకుంది. అంతే.

ఎందుకాపావు? ఆ పిడిని అలా వేలితో పైకెత్తి నా మొహం చూస్తావేం?

ఓహో. నీకు తెలుసు కదూ. ఇది పాత కారు, వట్టినే మూస్తే లాకు పడదు. లోపలి నాబ్ కిందికి నొక్కి, బయట పిడిని ఎత్తి పట్టుకుని మూస్తేనే పడుతుంది. గాలికి అన్ని చేతులెక్కడివి అంటావు, న్యాయమే.

సరే, నేనే వేశాను. కావాలనే వేశాను. నిన్ను చూడాలనిపించింది, వేరే దారి కనబడలేదు. బామ్మర్ది మీద ప్రేమ అనుకో.

నమ్మలేదన్నమాట. అవున్లే, ఈ మొహం చూసి మా ఆవిడే నమ్మదు, నువ్వేం నమ్ముతావు.

అయితే విను. చెయ్యి ఆపకు, పని చేస్తూనే విను, నా వంక మాత్రం చూడకు. చూస్తే చెప్పలేను.

మా ఇంటికి కొత్త తాళం బిగించావే, ఆ రోజు. హాల్లో మీ మామగారూ, అత్తగారూ కూర్చుని ఉన్నారు. ఈ తాళం తియ్యడం ఎవరి తరమూ కాదన్నావు. నేను ఊరుకోవచ్చు కదా? మీ అక్క జడలోంచి పిన్ను లాగి, తలుపు ముందు వంగి, అరనిమిషంలో తీసి చూపించాను. అందరూ పడీ పడీ నవ్వారు. మీ అక్కా నవ్వింది. నీకు తగిలింది ఆ నవ్వేనని నాకు తెలుసు. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయావు. ఆ తర్వాత బజారంతా నిన్ను పిన్నుగారూ అని పిలుస్తోందని విన్నాను.

పిన్నుతో రాలేదయ్యా ఆ తాళం. నువ్విచ్చిన రెండో తాళంచెవి నా గుప్పిట్లో ఉంది. అందరికీ వీపు చూపించి తిప్పాను.

కడ్డీ జారిందా? ఫరవాలేదు, మెల్లగా.

మర్నాడే చెబుదామనుకున్నాను. మర్నాడు సిగ్గేసింది. వారం పోయాక భయమేసింది. ఆ తర్వాత, దాచడమెందుకు, అలవాటైపోయింది. మీ అక్క నీ దుకాణం ఉన్న వీధిలోంచి నడవదు, చుట్టూ తిరిగి ఇంటికొస్తుంది. ఎవరైనా అడిగితే నడక ఒంటికి మంచిదంటుంది. నేను పక్కనే నడుస్తూ అవునవును అనేవాణ్ణి. చూశావా ఎంత దుర్మార్గుణ్ణో.

ఇవాళ పొద్దున ఆఫీసుకి బయల్దేరబోతూ అద్దం తుడుస్తున్నాను. తను గుమ్మంలో నిలబడి జడకి పిన్ను పెట్టుకుంటోంది. నాకు నవ్వాగలేదు. ఎందుకని అడిగితే చెప్పేశాను. అదేదో సరదా కబురులా చెప్పాను చూడు, అదీ నా తెలివి.

తను నవ్వలేదు. అరవనూ లేదు. మెట్లు దిగొచ్చి, నాబ్ నొక్కి, పిడి ఎత్తి పట్టుకుని, తలుపు వేసింది. అలా వెయ్యాలని నేర్పింది నేనే. లోపలికి పోయి, నువ్వు బిగించిన ఆ తాళమే వేసుకుంది. కిటికీలోంచి ఒక్క మాట: "వాడికి చెప్పేదాకా మీకు కారూ లేదు, ఇల్లూ లేదు." కారు డూప్లికేటు కూడా తన దగ్గరే ఉంది.

ఇదిగో, చెప్పాను. తప్పు నాది. నీ పనికి వంక పెట్టడానికి లేదు. మీ మామగారింటికెళ్లి చెబుతాను, బజారు మధ్యలో నిలబడి చెబుతాను. పిన్నుగారూ అని ఇక నన్నే పిలవమను.

టక్కుమంది. వచ్చేసినట్టుంది.

ఉండు, అప్పుడే సంచి సర్దకు. ఆ కిటికీ తెర కదిలింది చూడు. పొద్దున్నుంచి ఆ తలుపు ముందు నిలబడి పేరు పెట్టి పిలిచాను, ముద్దుపేరుతో పిలిచాను, ఒక్కదానికీ పలకలేదు. మీ వంశంలోనే ఉన్నట్టుంది ఈ పలక్కపోవడం. నాతో నువ్వు మాట్లాడొద్దు, ఈ జన్మకి మాట్లాడకపోయినా నాకు తగిందే. అక్కడికెళ్లి "అక్కా" అని మాత్రం ఒక్కసారి పిలువు. రెండేళ్లయింది తను ఆ పిలుపు విని.

నేను రానులే. కారులో కూర్చుంటాను. అద్దాలు ఎలాగూ ఎక్కించే ఉన్నాయి, తలుపు వేసుకుంటే నాకేమీ వినబడదు. వెళ్లు.