టైమయ్య

ఏంట్రా ఆ పేపర్లో, ఏదీ మళ్లీ చదువు. సగటున పనిగంటలు తగ్గాయా? ఎవరివి నాయనా తగ్గాయి? నువ్వేమో స్నానానికి వెళ్లినా ఫోను పట్టుకునే వెళ్తావు. పక్కింటాయనేమో ఉద్యోగం ఊడి పొద్దస్తమానం వరండాలో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాడు. మీ ఇద్దర్నీ కలిపి చెరిసగం చేస్తే ఇద్దరూ హాయిగా ఉన్నట్టే లెక్క తేలుతుంది కాబోలు. బాగుంది, బాగుంది. మా అన్నయ్య ఉంటే ఆ పేపరు చించి పొయ్యిలో పెట్టేవాడు.

అదేరా, టైమయ్య. మీ అమ్మకి మేనమామ, నువ్వు పుట్టకముందే పోయాడు. బట్టల మిల్లులో పని. సాయంత్రం సైరన్ కూయడం ఆలస్యం, తన మగ్గం ఆపేసి "టైమైంది!" అని కేకేసేవాడు, అలా ఆ పేరు పడిపోయింది. అంత రొదలోనూ ఆ చివర దాకా వినబడేదట. ఇంట్లో మాత్రం మా వదిన ముందు పిల్లే అనుకో, నోరు లేచేది కాదు. ఏం చెప్తున్నా? ఆఁ, గంటలు. పది గంటల పని ఎనిమిదికి దిగిందంటే ఊరికే దిగలేదు, సమ్మె చేసి, పస్తులుండి తెచ్చుకున్నారు. తీరా తెచ్చుకున్నాక ఆ మేస్త్రీ ఉన్నాడే, వాడివన్నీ వెన్నపూస మాటలు, "అబ్బే, బలవంతం ఏం లేదు బాబూ, ఇష్టమైనవాళ్లే ఇంకాసేపు ఉండండి, ఓవర్‌టైం ఇస్తాం" అన్నాడు. అంతే, ఎగబడ్డారు. ఉన్నవాళ్లే అంతా నేసేస్తుంటే ఇంకా మనుషులెందుకని, చివరి వరస వాళ్లని ఇంటికి పంపేశారు. అన్నయ్యకి తిండి సయించలేదు. అందర్నీ పోగేసి, "మనం ఓవర్‌టైం మానేస్తే వాళ్లని మళ్లీ పిలవక చస్తారా?" అన్నాడు. అందరూ మగ్గం మీద చెయ్యేసి ఒట్టేశారు. వాళ్లకి మగ్గం మీద ఒట్టంటే కన్నబిడ్డ మీద ఒట్టే.

నిజంగానే పిలిచారురా! అందులో ఒక బక్కాయన ఉండేవాడు, ఆయన పెళ్లాం మా ఇంటికొచ్చి వదిన చేతులు పట్టుకుని ఒకటే ఏడుపు. ఆ సంబరం ఎన్నాళ్లులే. "ఈ వారం ఒక్కటే అన్నా, పాపకి జ్వరం." "ఇంటాయన అద్దె కోసం చంపుతున్నాడన్నా." ఇంకొకడైతే అన్నయ్యతో పాటు గేటు దాకా నడిచొచ్చి, "అయ్యో, సంచి మర్చిపోయా" అని వెనక్కి వెళ్లేవాడు. రోజూ మర్చిపోయేవాడు, పాపం! ఇంకేముంది, ఆ చివరి వరస వాళ్లని మళ్లీ ఇంటికి పంపేశారు. చివరికి సైరన్‌కి బయటికొచ్చేది మా అన్నయ్య ఒక్కడే. "నీకు పని మీద శ్రద్ధ లేదయ్యా" అని మేస్త్రీ తీసేశాడు. ఆ మగ్గం ఎవరికిచ్చారనుకున్నావు? ఆ బక్కాయనకే. కిక్కురుమనకుండా పుచ్చుకున్నాడు. నాకిప్పటికీ కడుపు మండిపోతుంది.

"నలుగురిలో ఒకడిలా ఉండలేకపోయావా?" అని వదిన ఒక్కసారే అడిగింది. తర్వాత గోనెసంచులు కుట్టే పని ఇంటికి తెచ్చుకుంది. సంచికింత అని కూలి, ఇక గంటలేంటి, సైరనేంటి? కళ్లు తెరిస్తే కుట్టు, కళ్లు మూతలు పడేదాకా కుట్టు. ఎనిమిది గంటలు తెచ్చిన మనిషి ఆవిడ పక్కన కూర్చుని దారాలు కత్తిరించేవాడు. మిల్లు సైరన్ కూస్తే చెయ్యి ఆగేది. వదిన ఇంకో సంచి ఆయన ఒళ్లో పడేసేది.

అలాగే పోయాడు. పొద్దున్నే, గుండె ఆగి. మిల్లుకి కబురు పెట్టాం. "దేవుడిలాంటి మనిషి, షిఫ్టు దిగగానే అందరం వస్తాం, మేమొచ్చాకే తియ్యండి" అని ఆ బక్కాయనే చెప్పి పంపాడు. ఆగాం. వదిన గడపలో కూర్చుని వీధి వైపే చూస్తోంది. సైరన్ కూసింది. "వస్తున్నారు, ఇంకాసేపు ఉంచండి" అంది. వీధి దీపాలు కూడా వెలిగాయి. మగ్గాలు ఆడుతున్న చప్పుడు మా ఇంట్లోకి వినబడుతూనే ఉంది. ఇక మేమే ఎత్తుకెళ్లాం.

ఆ కిటికీ మూసెయ్యి నాన్నా, దుమ్మొస్తోంది.