గుర్తింపు మచ్చ

నారాయణగూడలో చర్మవైద్యురాలి గది. అశోక్‌నగర్ హాస్టల్ నుంచి వచ్చిన అమ్మాయి తన పదో తరగతి మెమో బల్ల మీద పెట్టింది.

"మేడమ్, పోయిన నెల నా చెంప మీది గుంటమచ్చల ఎక్కించిన కొలాజెన్ జర తీసెయ్యున్రి."

"ఎందుకమ్మా? మచ్చ జాడే లేకుండా నిండింది."

"గదే పరేషాన్. ఇంటర్వ్యూల మొఖం మంచిగ కనబడాలని చేయించుకున్న. ఇప్పుడు కొలువొచ్చింది. సోమవారం సర్టిఫికెట్లు చూస్తరట. మెమోల గుర్తింపు మచ్చల కాడ గా మచ్చనే రాసున్నది."

"ఎక్కించింది వెనక్కి తీయలేం. నాలుగైదు నెలల్లో దానంతటదే కరిగి, మచ్చ మళ్లీ కనబడుతుంది."

"అప్పటిదాక వాళ్లు ఆగుతరా మేడమ్?"

"మెమోలో రెండు గుర్తులు రాస్తారు కదా. రెండోది చూపించు."

"అది గదుమ మీది పుట్టుమచ్చ. 'ఇదొక్కటి మాత్రం ఎందుకు' అని గా రోజే మీరు దాన్ని గూడ తీసేసిన్రు."