వాలు మైదానం

థాక్‌బీ ఊరి ఫుట్‌బాల్ మైదానం పక్కన, ఆట మధ్య విరామంలో, ఒకప్పటి ఆటగాళ్లిద్దరు బెంచీ మీద టీ తాగుతున్నారు.

“ఈ వాలంతా తవ్వి చదును చేస్తారటరా.”

“ఎవడన్నాడా మాట? మన క్లబ్బు చరిత్రంతా ఈ వాలే! ఎగువ నుంచి ఆడేగా కప్పు గెలిచాం!”

“ఆ ఒక్క కప్పేగా.”

“అయితేనేం? గెలిపించిన గోలు ఎవడిది?”

“నీదే. ఫ్రీకిక్ ముందు బూటు లేసు కట్టుకోవడానికి వంగావు. నీ మడమ తగిలి బంతి వాలు వెంబడి కిందికి దొర్లుకుంటూ పోయింది. వాళ్ల కీపరు నిన్ను చూసి నవ్వుతూనే ఉన్నాడు, బంతి గోల్లో పడింది.”

“నెమ్మదిగా అనరా, ఎవరైనా వింటారు! సగం మైదానం నుంచి తన్నానని మనవరాలికి చెప్పా.”

“ఈ వాలు చూశాక కూడా నమ్ముతుందా?”

“...తవ్వడం ఎప్పుడు మొదలెడతారట? పార నేనే తెస్తా.”