లిఫ్టులో దిగిన వడ్డీ

"వడ్డీ ఎంతని అడగడం కాదమ్మాయ్, మనిషిని ఎక్కడ నిలబెట్టి అడిగావన్నది ముఖ్యం!" అంటూ బాబాయ్ బెంచీ మీద కాళ్ళు మడిచి సర్దుక్కూర్చున్నాడు. ఆయన అలా కూర్చున్నాడంటే ఇక ఇంకొకరికి మాట దక్కదని ఆ టీ కొట్టు దగ్గర అందరికీ తెలుసు.

బాబాయ్ లిఫ్టు మెకానిక్కు. ఎదురు బెంచీ మీద ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్న టైలరమ్మ ఇల్లు కొనుక్కుంటోంది. తన కుట్టుమిషను ఉన్న సందులోనే, రెండు గదులూ ఒక బాల్కనీ. ఇన్నేళ్ళూ వేళ్ళు కాయలు కాసేలా కుట్టి కూడబెట్టిందంతా బయానా ఇచ్చేసింది. అప్పు సంగతి సాయంత్రం ఐదుకల్లా తేల్చి చెప్పకపోతే ఆ ఇల్లు ఇంకొకరికి పోతుంది, బయానా తిరిగి రాదు. పాపం, పక్కన టీ తాగుతున్న ప్లంబరు "ఇంతకీ లోను ఎవరి దగ్గర తీసుకుంటున్నావక్కా?" అని అడిగాడు. ఆమె చెప్పబోయింది. అంతే, బాబాయ్ అందుకున్నాడు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కానని మీకు తెలుసుగా. జరిగింది జరిగినట్టు చెప్తా. మెయిన్ రోడ్డు మీద తొమ్మిదంతస్తుల బిల్డింగుందే, అందులో పై అంతస్తులో ఉన్న లోన్ల ఆఫీసుకి నేనూ వెళ్ళాను, ఇల్లు కొందామని. ఏసీ, మెత్తటి సోఫా, గోడ మీద పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న కుటుంబం ఫొటో, దాని కింద బారెడు అక్షరాల్లో వడ్డీ. ఆ అంకె పక్కన 'షరతులు వర్తిస్తాయి' అనే చిన్న చుక్క ఉంటుంది చూశారూ, లోకమంతా అంకె చూస్తుంది, నేను చుక్క చూస్తాను! సరే, అక్కడి ఆఫీసరు భోజనానికని లిఫ్టెక్కాడు. నేనూ ఎక్కాను. తొమ్మిదికీ ఎనిమిదికీ మధ్యలో లిఫ్టు ఆగిపోయింది."

"ఆగిపోయిందా, నువ్వు ఆపావా?" అన్నాడు టీ కొట్టాయన, గిన్నెలోంచి చూపు తిప్పకుండా.

"నా మోచెయ్యి బటన్ల మీద ఆనుకుని ఉంది, అంతవరకే చెప్పగలను. ఫ్యాను ఆగింది, లైటు పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సోఫాలో కూర్చున్నప్పుడు 'సార్ సార్' అని తీపి కబుర్లు చెప్పినవాడు చీకట్లో నా చొక్కా పట్టుకున్నాడు. 'ఏమండీ, ఆ చుక్క సంగతేంటి?' అన్నాను నెమ్మదిగా. కక్కేశాడమ్మాయ్! ఆ వడ్డీ మొదటి ఏడాదికేనట, తర్వాత వాళ్ళిష్టమట. ముందే తీర్చేస్తే జరిమానా అట. అక్కర్లేని బీమా ఒకటి అంటగడతారట. వాళ్ళావిడకి చెప్పని సంగతులు కూడా రెండు చెప్పాడు, అవి నేను చెప్పకూడదు."

"ఆ జరిమానా సంగతే బాబాయ్, లేదని కాగితం మీద రాసిస్తే సరిపోతుందా?" టైలరమ్మ ముందుకు వంగింది. "అది చెప్పు చాలు."

"కాగితం దగ్గరికే వస్తున్నా, తొందరపడకు. 'ఇప్పుడు నిజం చెప్పు, వడ్డీ ఎంత?' అన్నాను. తొమ్మిది శాతం అన్నాడు. గోడకి చేరబడి ఈల వేసుకుంటూ నిలబడ్డాను. ఎనిమిది అన్నాడు. వెంటనే లిఫ్టు గుర్రుమని ఒక్క అంతస్తు దిగింది. చూశారా మరి! ఏడు అన్నాడు, ఏడుకి దిగింది. ఆరు అన్నాడు, ఆరుకి. యంత్రమైనా దానికో మర్యాద ఉంటుంది, ఇన్నేళ్ళూ నా చేతి గ్రీజు తిన్న లిఫ్టది, నా మేలు కోరదూ? అలా అలా దిగి దిగి కింద తలుపు తెరుచుకునేసరికి వడ్డీ సున్నా!"

"సున్నా వడ్డీకి అప్పెవడిస్తాడు బాబాయ్!" ప్లంబరు పగలబడి నవ్వాడు.

"నవ్వు, నవ్వు. అసలు కథ అక్కడే మొదలు. తలుపు తెరుచుకుంది, ఎదురుగా చూద్దును కదా, ఆ బిల్డింగులో అప్పులిచ్చేవాళ్ళంతా ఫైళ్ళు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. మాట మెట్ల మీద నాకంటే ముందే దిగిపోయిందన్నమాట. 'మా అప్పు తీసుకోండి', 'కాదు, మాది తీసుకోండి', ఒకటే గోల. ఎనిమిది మంది పట్టే లిఫ్టులో నలభై మంది ఎక్కేశారు. నేను మధ్యలో ఒంటికాలి మీద నిలబడ్డాను, రెండో కాలికి చోటు లేదు మరి. ఇక చూడు, లిఫ్టు సెల్లారులోకి దిగింది! సున్నా కిందికి దిగితే ఏమవుతుంది? అప్పు తీసుకున్నందుకు నాకే నెలనెలా ఒక శాతం ఇస్తామన్నారు. రెండో సెల్లారుకి వెళ్ళాం, రెండు శాతం ఇస్తామన్నారు. ఆ కిందేముంది? మట్టి! అయినా పోటీ పోటీయే కదా, అప్పటికప్పుడు మనుషుల్ని పెట్టి ఇంకో అంతస్తు తవ్వించారు నా కోసం."

"తవ్వితే నీళ్ళు పడలేదూ?" ప్లంబరుకి పని గుర్తొచ్చింది.

"పడకేం! ఆ వీధిలో ఈ రోజుకీ నీళ్ళకి లోటు లేదంటే దేనివల్ల అనుకుంటున్నావ్? సరిగ్గా ఆ సమయానికి, నలభై మంది బరువుకి, తీగ పుటుక్కున తెగింది! అంతా గొల్లుమన్నారు. నా కుడిచేతిలో పెన్నుంది, సంతకం సగంలో ఉంది. ఏం చెయ్యను? ఎడంచేత్తో తీగ పట్టుకున్నాను. నలభై మందీ, వాళ్ళ ఫైళ్ళూ, వాళ్ళ టిఫిను డబ్బాలూ, అంతా నా ఎడంచేతికి వేలాడుతుంటే, కుడిచేత్తో తాపీగా సంతకం పూర్తిచేశాను. ఒక్క డబ్బా మూత ఊడలేదు. కావాలంటే అక్షరాలు చూసుకోండి, కొమ్ములూ దీర్ఘాలూ అన్నీ గుండ్రంగా ఉంటాయి."

టీ కొట్టాయన వడపోత పక్కన పెట్టి అడిగాడు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, అంత ఇల్లు పెట్టుకుని మా మేడ మీద ఒంటిగదిలో అద్దెకుంటావేం?"

"ఇల్లు మరీ పెద్దదైపోయిందయ్యా! మీ అక్కయ్య వంటింట్లో కాఫీ పెట్టి నాకు తెచ్చేసరికి చల్లారిపోతోంది. వెతుక్కోలేక వచ్చేశాం."

అందరూ నవ్వారు. టైలరమ్మ మాత్రం గోడ గడియారం వైపు చూసి సంచీ భుజానికి తగిలించుకుంది. నాలుగు దాటింది. ఆమె మొహం చూసి బాబాయ్ మనసు కరిగింది. ఆయనలో ఉన్న గుణమే అది, కోతలు కోసినా ప్రేమ ఎక్కువ.

"నువ్వేం బెంగపెట్టుకోకమ్మా. నేనున్నానుగా. ఆ తొమ్మిదో అంతస్తుకి వెళ్ళి నా పేరు చెప్పు. ఆ ఒక్క మాట చాలు."

"చెప్పాను బాబాయ్. పొద్దున వెళ్ళినప్పుడే చెప్పాను."

బాబాయ్ మొహం వెలిగిపోయింది. "చూశారా! లేచి నిలబడ్డాడా లేదా?"

"నిలబడ్డాడు. అప్పటిదాకా ఎనిమిదన్నవాడు తొమ్మిదిన్నర అన్నాడు."

టీ కొట్టాయన స్టవ్వు తగ్గించి ఇటు తిరిగాడు.

"ఏడుపొచ్చింది బాబాయ్," అంది ఆమె. "బయానా పోయినట్టేననుకున్నా. ఐదో అంతస్తులో ఇంకొకళ్ళున్నారంటే అక్కడికి దిగాను. సోఫా లేదు, చెక్క కుర్చీలే. ఒకావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కాగితాలన్నీ చదివి వినిపించింది. వడ్డీ పెరిగితే నెలకి ఎంత కట్టాలో లెక్క వేసి చూపించింది. ముందే తీర్చేస్తే జరిమానా లేదని నేను అడక్కుండానే రాసిచ్చింది. చివర్లో, 'ఈ బిల్డింగులో నీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?' అంది. ఎవరూ లేరన్నాను. ఐదులోపే వచ్చి సంతకం పెట్టమంది."

ప్లంబరు గ్లాసులోకి చూస్తూ పెదాలు బిగబట్టుకున్నాడు. బాబాయ్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఓడిపోయే మనిషి కాదు కదా, లేచి చొక్కా దులుపుకున్నాడు.

"మంచి పని చేశావు. అయినా ఆడపిల్లవి ఒక్కదానివీ ఎందుకు, పద, నేనూ తోడొస్తా."

"వద్దు బాబాయ్, ఐదంతస్తులు ఎక్కలేవు," అంది టైలరమ్మ, నిజంగా జాలిగా. "నువ్వు బాగుచేసి వచ్చినప్పటి నుంచీ అక్కడ అందరం మెట్లమీదే వెళ్తున్నాం."